బియ్యం డబ్బాల్లో పడిన ఓట్లు

మా చర్చి స్త్రీల సమాజంలో ఎన్నికలు పెట్టించింది నేనేనని జగ్గయ్యపేటలో అందరూ చెప్పుకుంటారు. ఎవరింటికైనా కొత్త కోడలు వస్తే నన్ను చూపించి, "ఈ మేడమ్ గారే పోట్లాడి మనకి ఓటు తెచ్చింది" అంటారు. ఆ పిల్ల నావైపు భక్తిగా చూస్తుంది. నాకు ఒళ్లు మండుతుంది. పోట్లాడిన మాట నిజమే. కానీ నేను మొదట పోట్లాడింది ఎన్నికలు వద్దనే వైపు నుంచి. వద్దు అని పైకి అనలేదనుకోండి. "మెల్లమెల్లగా తెద్దాం" అన్నాను. చదువుకున్నవాళ్లం కదా, వద్దు అనే మాటను మేం అలాగే అంటాం.

నేను నందిగామలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఇల్లు జగ్గయ్యపేటలో. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. మా సిలబస్‌లో తిరిగి తిరిగి వచ్చే ప్రశ్న ఒకటుంది: ప్రత్యక్ష ఎన్నికలను క్రమక్రమంగా ప్రవేశపెట్టడాన్ని వలస ప్రభుత్వం ఎలా సమర్థించుకుంది? పది మార్కులు. మొదట ప్రభుత్వమే తనకు నచ్చిన కొందరిని సభల్లో కూర్చోబెట్టింది. తరువాత మునిసిపాలిటీలూ జిల్లా బోర్డులూ పంపినవారిని రానిచ్చింది. ఆ తరువాత ఆస్తీ పన్నూ ఉన్నవారికి నేరుగా ఓటు ఇచ్చింది. మిగిలిన జనం స్వాతంత్య్రం వచ్చేదాకా గుమ్మం బయటే ఉన్నారు. ఎందుకయ్యా అంటే, ఇంకా సిద్ధంగా లేరు కాబట్టి.

ఈ పాఠం నాకు మహా ఇష్టం. ఆ గంటసేపు నేను దొర పక్షాన నిలబడి వాదిస్తాను, పిల్లలు నన్ను ఓడించాలి. దొరలు చెప్పినవన్నీ అబద్ధాలని ఎవరైనా అంటే ఒప్పుకోను. జనానికి చదువు లేదన్నారు, నిజమే. భూస్వామి ఎటు చూపిస్తే అటే వేస్తారన్నారు, అదీ కొంత నిజమే. స్థానిక బోర్డులు బడి లాంటివి, ముందు అక్కడ నేర్చుకోనివ్వండి అన్నారు. వినడానికి ఎంత బాగుంటుందో చూడండి. ఆ బడికి మాస్టారు ఎవరు, పరీక్ష ఎప్పుడు, పాస్ మార్కులెన్ని అని అడిగే పిల్ల రెండు మూడేళ్లకు ఒకతి తగులుతుంది. తగలని ఏడు నేనే గెలుస్తాను. ఇరవై ఏళ్లకు పైగా ఇలా దొరనై వాదించి వాదించి అది నాకు ఒంటబట్టిందని ఆలస్యంగా తెలిసింది.

మా స్త్రీల సమాజానికి ఒక పద్ధతి ఉంది. ఆదివారం చర్చికి బయలుదేరేటప్పుడు ప్రతి ఇంటి ఆడమనిషీ గుప్పెడు బియ్యం చిన్న పొట్లంగా కట్టుకొస్తుంది. గుమ్మం దగ్గర రెండు రేకు డబ్బాలుంటాయి. చెప్పులు విడిచి, బియ్యం పోసి, లోపలికి వెళ్లి కూర్చుంటాం. నెలకు పోగైన బియ్యం కష్టంలో ఉన్న ఒక ఇంటికి వెళుతుంది. ఏ ఇంటికన్నది సమాజం మీటింగులో తేలుస్తారు. ఆ మీటింగు బుధవారం మధ్యాహ్నం మూడింటికి.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి తీరిక ఉండేదెవరికి? రిటైరైన టీచర్లకూ, షాపులున్న వాళ్ల ఆడవాళ్లకూ, ఆ రోజు మధ్యాహ్నం క్లాసులు లేకుండా చూసుకున్న నాలాంటి వాళ్లకూ. మా చర్చిలో సగం మంది వత్సవాయి వైపు పత్తికీ మిరపకీ కూలికి వెళ్లేవాళ్లు. పొద్దున ఆరింటికి ఆటో ఎక్కితే చీకటి పడే వేళకి దిగుతారు. బియ్యం వాళ్లూ పోసేవారు, మాటా మంచీ మాత్రం మేం మాట్లాడుకునేవాళ్లం.

అధ్యక్షురాలు చర్చి సంఘం సెక్రటరీ గారి భార్య. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఏటా జనవరిలో ఆయనే లేచి, "ఈ సంవత్సరం కూడా మా ఇంటావిడే" అనేవారు, మేం చప్పట్లు కొట్టేవాళ్లం. పదకొండేళ్లు అలాగే కొట్టాం. ఆవిడ చాలా మంచి మనిషి. నేను అత్తయ్యగారూ అని పిలుస్తాను. ఎండైనా వానైనా గొడుగు లేకుండా గడప దాటరు.

ఒక ఏడు, వర్షాలు వెనకపడుతున్న రోజుల్లో, కూలి ముఠాలో ఒకామె ట్రాక్టరు ట్రక్కు దిగుతూ జారి కాలు విరగ్గొట్టుకుంది. భర్త లేడు. ఒక కూతురు, మునిసిపల్ బడిలో చదువుతోంది. ఆ ముఠాని పనికి తీసుకెళ్లే మేస్త్రి కూడా ఆడమనిషే, మా చర్చిలోనే, నా వయసుదే. పుట్టిల్లు కోదాడ వైపు. మేం ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటాం. ఈ నెల బియ్యం ఆ కాలు విరిగినామెకి ఇమ్మని ఆమె ఆదివారం నాడు చెప్పి వెళ్లింది. బుధవారం మీటింగులో ముఠా తరఫున మాట్లాడే మనిషి లేదు. రిజిస్టరు తీశాం. కాలు విరిగినామె ఏడాదిలో ఒక్క మీటింగుకీ రాలేదు. "హాజరు తక్కువ" అని నా చేత్తోనే రాశాను. బియ్యం వేరే ఇంటికి వెళ్లాయి.

ఆ వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మేస్త్రి వదిన లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఒక మాట. ఈ సమాజానికి పెద్దని అందరం కలిసి ఎన్నుకుందాం. నేను నిలబడతా. నేను గెలిస్తే మీటింగు ఆదివారానికి మారుస్తా, ఈసారి పోగయ్యే బియ్యం కాలిరిగిన మా మనిషికే పంపిస్తా. ఓడిపోతే మళ్ళా నోరెత్తను."

పాస్టరు గారు సెక్రటరీ గారి వైపు చూశారు. సెక్రటరీ గారు నావైపు చూశారు. "మేడమ్ గారు చరిత్ర చదివినవారు, ఎన్నికలు ఎలా తేవాలో ఒక కాగితం రాసి ఇస్తారు" అన్నారు.

రాశాను. ఎంత ముచ్చటగా రాశానో చెప్పలేను. మొదటి ఏడు పెద్దలే అధ్యక్షురాలిని నియమిస్తారు, కానీ సభ్యుల సలహా తీసుకుంటారు. రెండో ఏడు వీధికొకరు చొప్పున పెద్దమనుషులు కూర్చుని ఎన్నుకుంటారు. మూడో ఏడు చదవడం రాయడం వచ్చినవారికి నేరుగా ఓటు. ఆ తరువాత పరిస్థితిని సమీక్షించి అందరికీ. చివర ఒక వాక్యం కూడా తగిలించాను: సభ్యులు తొందరపాటు వల్ల నష్టపోకూడదనేదే దీని ఉద్దేశం.

ఆదివారం దాన్ని సెక్రటరీ గారు ప్రసంగం లాగా చదివారు. నేను కాస్త గర్వంగానే కూర్చున్నాను. బయటికి రాగానే మేస్త్రి వదిన నా దారికి అడ్డంగా నిలబడింది. వెనక ఆమె ముఠా అంతా ఉంది.

"వదినా, ఒకటడుగుతా చెప్పు. మూడో ఏటికి నేను చదువు నేర్చుకుంటే ఓటిస్తారా?"

"అంతే."

"మొన్న అసెంబ్లీకి ఓటేసొచ్చా. నీ వెనకాలే లైన్లో నిలబడ్డా. నీకు చదువొచ్చా అని అక్కడ ఎవరూ అడగలా."

"అది వేరు, ఇది వేరు వదినా."

"ఏది పెద్దది?"

ముఠాలో ఎవరో కిసుక్కున నవ్వారు. వాదనలో ఇరుక్కున్నప్పుడు నేనేం చేస్తానో మా ఆయనకు బాగా తెలుసు, గొంతు పెంచుతాను. పెంచాను. పద్ధతి, క్రమం, అనుభవం, బాధ్యత అంటూ గేటు దాకా నడిచాను. ఆమె శాంతంగా విని, "బాగా చెప్పినవ్ వదినా. మధ్యాహ్నం మూడింటికి వచ్చేవాళ్లకి చెప్పు, వాళ్లకి వినే తీరికుంటది" అని ఆటో ఎక్కింది.

ఆ వారమే కాలేజీలో పరీక్ష పేపర్లు దిద్దాల్సి వచ్చింది. బస్సులో దిద్దడం నాకు అలవాటు. నందిగామ దాటాక ఒకమ్మాయి జవాబు దగ్గర ఆగాను. "ప్రజలు ఎప్పుడు సిద్ధమవుతారో చెప్పే పనిని ప్రభుత్వం తన దగ్గరే ఉంచుకుంది. అందువల్ల ప్రజలు ఎప్పటికీ సిద్ధం కాలేకపోయారు" అని రాసింది. సిలబస్‌లో లేని మాట. పక్కన ఎర్ర పెన్నుతో "ప్రశ్నకు సంబంధం లేదు" అని రాసి రెండు మార్కులు వేశాను. తరువాతి పేపరు తీశాను. ఆ అబ్బాయి నేను చెప్పిన నోట్సు బట్టీ కొట్టాడు. "ప్రజలు తొందరపాటు వల్ల నష్టపోకూడదనేదే తమ ఉద్దేశమని ప్రభుత్వం చెప్పుకొన్నది."

నా వాక్యం. చర్చి కాగితంలో నేను ముచ్చటగా తగిలించిన వాక్యం. దొరకి నేను అప్పగించానో, దొర నాకు అప్పగించాడో, ఇద్దరం ఒకే కాగితం మీద ఉన్నాం. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర బస్సు ఆగినప్పుడు ఆ అమ్మాయి పేపరు మళ్లీ పైకి తీసి రెండు కొట్టేసి తొమ్మిది వేశాను. పదీ వేయలేదు. అక్షర దోషాలున్నాయి, నేను ఊరికే పోనిచ్చే మనిషిని కాదు.

మర్నాడు పొద్దున ఆరింటికి ఆటోల దగ్గరికి వెళ్లాను. ముఠా అంతా తలలకు గుడ్డలు చుట్టుకుని, టిఫిన్ బాక్సులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏందీ, మేడమ్ వదిన కూడా పత్తికొస్తదా?" అంది మేస్త్రి వదిన.

"నేను రాసింది తప్పు," అన్నాను. ఈ మాట నేను జీవితంలో ఎన్నిసార్లు అన్నానో వేళ్లు మడిచి చెప్పొచ్చు.

"ఇంకోసారి చెప్పు, వెనకాల వాళ్లకి వినపడలా."

"తప్పు రాశానంటున్నా. ఎన్నిక ఈ నెలలోనే పెట్టిస్తా. ఎట్లా పెట్టాలో చెప్పు."

"నేను చెప్పేదేంది? పెట్టటం నీకు తెలుసు, వెయ్యటం మాకు తెలుసు. జరుగు, ఆటో బయల్దేరాలి."

అక్కడి నుంచి నేరుగా సెక్రటరీ గారింటికి. ఆయన వరండాలో పేపరు చదువుతున్నారు. నేను ఒక్కొక్క వాదనే చెబుతుంటే ఆయన నా కాగితం తీసి ఒక్కొక్క జవాబే చదివారు. నాతో నేను అంత ఘోరంగా ఎప్పుడూ ఓడిపోలేదు.

"వాళ్లకి అలవాటు లేదని మీరే రాశారు కదమ్మా."

"వెయ్యనిస్తే కదండీ అలవాటయ్యేది."

"ఎవరో చెప్పినట్టు వేస్తారనీ మీరే రాశారు."

"పదకొండేళ్లుగా మీరు చెప్పినట్టు చప్పట్లు కొట్టాం కదండీ మేం. అది మాత్రం ఏం?"

లోపలి నుంచి అత్తయ్యగారు కాఫీ తెచ్చి పెట్టి, "ఒకసారి పెట్టి చూడండి" అన్నారు, ఇద్దరిలో ఎవరినీ చూడకుండా. సెక్రటరీ గారు చాలాసేపు మీసం సవరించుకున్నారు. చివరికి షరతు మీద ఒప్పుకున్నారు. ఈ ఒక్కసారికి పెట్టి చూద్దాం. ఓటు వేయడంలో సభ్యులు ఏదైనా పొరపాటు చేస్తే ఎన్నిక రద్దు, నేను రాసిన మూడేళ్ల దారే గతి. రద్దైతే ఆ నెల బియ్యం కూడా పాత పద్ధతిలోనే, పాత రిజిస్టరు చూసే. కాలు విరిగి మంచం మీద ఉన్నామె సంగతి తలచుకుని కూడా, సరేనన్నాను.

అందుకని పొరపాటుకు చోటు లేకుండా ఏర్పాటు చేశాను. చదువుతో పని లేకుండా గింజల ఓటు. ఒక్కొక్కరికి ఒక చింతగింజ. ప్రార్థనకు ముందు పాస్టరు గారు కూర్చునే చిన్నగదిలో రెండు డబ్బాలు. ఒకదానికి పత్తికొమ్మ కట్టాను, అది మేస్త్రి వదినది. ఇంకోదానికి గొడుగు ఆనించాను, అది అత్తయ్యగారిది. తలుపు దగ్గరగా వేసుకుని, నచ్చిన డబ్బాలో గింజ వేసి రావాలి. దారి చూపించడానికి మొదటి ఓటు నేనే వేశాను. తరువాత బయట కుర్చీ వేసుకుని ఒక్కొక్కరినే లోపలికి పంపాను. ఎంత చక్కగా జరిగిందో. తోపులాట లేదు, గొడవ లేదు. సెక్రటరీ గారు కూడా తల ఊపారు.

ఓట్లు అయ్యాక డబ్బాలు రెండూ తెచ్చి చాప మీద బోర్లించాను. చింతగింజలతో పాటు రెండు కుప్పల బియ్యం జారాయి.

అప్పుడు నాకు అర్థమైంది. ఓటు డబ్బాలు ఎక్కడివి? గుమ్మం దగ్గరివి. వేరే డబ్బాలు కొనడం ఎందుకని వాటినే లోపలికి మార్పించాను. అందరి చేతుల్లోనూ ఆదివారం పొట్లాలున్నాయి. గుమ్మం దగ్గర డబ్బా లేదు, గదిలో ఉంది. పోసేశారు.

"చూశారా," అన్నారు సెక్రటరీ గారు. ఆయన గొంతులో సంతోషం లేదు, అది చెప్పాలి, నిజంగానే బాధపడ్డారు. "గింజ వెయ్యమంటే బియ్యం పోశారు. అందుకే మెల్లగా అన్నాం. ఇంకా సిద్ధంగా లేరమ్మా."

ఇంతలో, రైస్‌మిల్లులో చాలాకాలం పనిచేసిన ఒక ముసలామె కుప్పల దగ్గరికి జరిగి చేట తీసుకుంది. గింజలు ఏరి రెండు గిన్నెల్లో వేస్తూ పత్తికొమ్మ డబ్బా కుప్ప మీదికి వంగింది. బోర్లించాం కాబట్టి డబ్బాలో అట్టడుగున పడ్డవి కుప్పలో పైకి వచ్చాయి. వాటిని అరచేతిలోకి తీసుకుని చూసి, ఆమె నవ్వడం మొదలుపెట్టింది.

"అందరికంటే ముందు పోసింది ఈవిడే. ముడిబియ్యం. ఈ ఊళ్లో షుగరుకి భయపడి పాలిష్ లేని బియ్యం తినేది మేడమ్ గారు ఒక్కరే."

నేనే. మొదటి ఓటు వేయడానికి వెళ్లి, ఎడం చేతిలోని గింజ వేసి, కుడి చేతిలోని పొట్లం ఏళ్ల అలవాటు కొద్దీ విప్పి పోసి వచ్చాను. నాకు గుర్తు కూడా లేదు. నా తరువాత వెళ్లినామె డబ్బాలో బియ్యం చూసి, ఇదే కాబోలు పద్ధతి అనుకుంది. ఆమె వెనకామె అంతే. ఎమ్మే చదివిన ఎన్నికల అధికారి చేసిన పొరపాటును చర్చి అంతా క్రమశిక్షణగా పాటించింది.

"సెక్రటరీ గారూ," అన్నాను, "సిద్ధంగా లేనిది ఎవరో తేలింది. నన్ను తీసెయ్యండి. ఓటర్ల జోలికి పోకండి."

పాస్టరు గారు నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. గింజలు లెక్కపెట్టించారు. మనిషికి ఒకటి చొప్పున సరిపోయాయి. మేస్త్రి వదినకు తొమ్మిది ఎక్కువ.

కానీ అసలు ప్రమాదం అప్పుడే మొదలైంది. ముసలామె చేట ఆపలేదు. చుట్టూ ఆడవాళ్లు మూగారు. నాకు అన్నీ బియ్యమే, వాళ్లకి మాత్రం ఒక్కొక్క గుప్పెడు ఒక్కొక్క ఇల్లు.

"ఈ రేషన్ బియ్యంలో నూకలు చూడు, మీ ఆడబిడ్డవే."

"స్టీలు కొట్టు వాళ్ల సన్నబియ్యం గొడుగులో పడ్డయ్ చూడు. నాకు మొన్న పత్తికే అని ఒట్టేసింది ఆ తల్లి."

"ఏమ్మో, నీ ఎండుమిరపకాయ తొడిమ నా డబ్బాలో ఉండాల్సింది, గొడుగు కుప్పలోకెట్లా నడిచొచ్చింది?" అంది మేస్త్రి వదిన.

మొదట నవ్వులు, తరువాత వేళాకోళాలు, తరువాత ఒకరిద్దరి మొహాలు ముడుచుకున్నాయి. రహస్య ఓటు అన్నాను కదా, చాప మీద పరిచి చదువుతున్నారు. నేను కూడా వంగి చూశాను. పత్తికొమ్మ కుప్పలో, ఒక పక్కగా, ఎండిన వేపాకు ముక్కలు నాలుగైదు కనిపించాయి. పురుగు పట్టకుండా బియ్యంలో కొందరు ఎండుమిరపకాయలు వేస్తారు, కొందరు బోరిక్ పౌడరు కలుపుతారు. వేపాకు వేసేది మా చర్చిలో ఒక్క ఇంట్లోనే. అత్తయ్యగారింట్లో.

తల ఎత్తేసరికి మేస్త్రి వదిన నన్నే చూస్తోంది. ఆమె కూడా చూసింది. సెక్రటరీ గారు ఏమిటా అని చాప వైపు వస్తున్నారు. ఆమె చప్పున కూలబడి, రెండు చేతులూ చాచి, రెండు కుప్పల్నీ దగ్గరికి లాగి కలిపేసింది. పత్తి బస్తాలోకి తొక్కినట్టు ఆ చివర నుంచి ఈ చివరకు కలియబెట్టింది.

"చాల్లే చదివింది," అంది. "ఏ ఇంటివైనా ఒక్క ఇంటికే పోవాల్సినయ్ గదా. సంచి పట్టుకోండి."

ఓటు రహస్యం ఎందుకో నేను క్లాసులో గంటసేపు చెబుతాను. ఆమె చెప్పడానికి అంత సేపు పట్టలేదు. ఆ సాయంత్రమే నెల బియ్యం సంచి కాలు విరిగినామె ఇంటికి వెళ్లింది. నేనూ వెళ్లాను. ఆమె మంచం మీద నుంచే, "ఎవరు గెలిచినారు?" అని అడిగింది. "మీ మేస్త్రి" అన్నాను. "అయితే రేపటి నుంచి మాకు పన్లో కేకలుండవు, అక్కడ మీ మీదేస్తదిలే" అని నవ్వింది. ఆ కూతురు సంచి విప్పి చూసి, ఇన్ని రకాల బియ్యం కలిపి వండితే కొన్ని ఉడుకుతాయి, కొన్ని ఉడకవని బెంగపెట్టుకుంది.

మీటింగు ఆదివారానికి మారింది. చర్చి నిండుతోంది, అరుపులు కూడా నిండుగానే ఉన్నాయి. మేస్త్రి వదినకూ నాకూ వారం వారం పోట్లాటే. సెక్రటరీ గారు ఇప్పటికీ అది "ఒక్కసారికి పెట్టిన" ఎన్నికే అంటారు, అలా అంటూనే మూడో ఎన్నికకు చింతగింజలు ఆయనే ఏరి పంపారు.

అత్తయ్యగారు ఇప్పుడు వెనక వరసలో గోడకు ఆనుకుని, గొడుగు ఒళ్లో పెట్టుకుని, మా అరుపులు హాయిగా వింటారు. పదకొండేళ్లు ఆవిడ ముందు వరసలో కూర్చున్నప్పుడు ఆ ముఖంలో ఇంత తీరిక నేనెన్నడూ చూడలేదు. అధ్యక్షురాలిగా ఉంటావా అని అప్పట్లో ఆవిడని కూడా ఎవరూ అడగలేదని నాకు తట్టడానికి ఇంత కాలం పట్టింది. రెండుసార్లు ఆవిణ్ణి పక్కకు పిలిచి అడిగాను. మొదటిసారి, "కాఫీ తాగుతావా?" అన్నారు. రెండోసారి, "రాసేదానివి, ఏదో ఒకటి రాసుకో" అన్నారు. ఏదో ఒకటి రాయడం నాకు చేతకాదు. అందుకే అందరి ముందూ, అచ్చులో అడుగుతున్నాను. అత్తయ్యగారూ, బియ్యం మాత్రం చేతికందిన పత్తికొమ్మ డబ్బాలో పోసి గింజ మీ గొడుగుకే వేసుకున్నారా, లేక రెండూ కలిపి ఆ పత్తికొమ్మకే వేసి వచ్చారా?